వన్ గ్రాం బంగారమూ, స్విస్ వాచీలూ

పోయిన సంక్రాంతికి సింగపూరు నుంచి వచ్చిన మా మేనల్లుడి చేతికి బూడిద రంగు వాచీ ఒకటి ఉంది. దాని డయల్ మీద ఖరీదైన వాచీల ఒమేగా, చవక వాచీల స్వాచ్ అన్న రెండు స్విస్ కంపెనీల పేర్లూ పక్కపక్కనే కనిపించాయి. పండుగ మూడు రోజులూ బాగానే నడిచిన ఆ వాచీ, కనుమ మరునాడు సాయంత్రం మేమిద్దరం విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని దాటి నడుస్తుండగా ఆగిపోయింది. తెల్లవారాక వాడిని పూర్ణా మార్కెట్ దగ్గర నేను ముప్పై ఏళ్లుగా ఎరిగిన సాయిబుగారి రిపేరు దుకాణానికి తీసుకువెళ్లాను. బయలుదేరేటప్పుడు, ఏడాదిగా బీరువాలో ఆగిపోయి ఉన్న మా నాన్నగారి హెచ్ఎంటీని, ఒకప్పుడు నన్ను బాగా కష్టపెట్టిన ఇంకొక వాచీని కూడా జేబులో వేసుకున్నాను. ఆ మూడూ ఒకే బల్ల మీద పడి ఉండడం చూశాక, చాలాకాలంగా మనసులో నానుతున్న ఒక సంగతిని రాయాలనిపించింది.

ఖరీదైన గడియారాల కంపెనీలు తక్కువ ధరకు దొరికే రకాలను తెస్తే వాటి పేరు మంటగలుస్తుందని వాచీల మోజున్నవారు తరచుగా వాపోతుంటారు. అందరి చేతికీ వచ్చిన వస్తువుకు ఇక విలువేముంటుందని వారి ప్రశ్న. ఈ భయం పూర్తిగా అబద్ధం కాదు గాని, వారు వేలెత్తి చూపుతున్నది అసలు దోషిని కాదని నా నమ్మకం. ధర తగ్గించిన కంపెనీలు చాలావరకు బాగానే ఉన్నాయి. సరుకు తగ్గించి, ఆ తగ్గించిన సంగతిని పాత పేరు చాటున దాచిన కంపెనీల పరువే పోయింది.

మా వాడి వాచీతోనే మొదలుపెడతాను. 2022 మార్చి 26న స్వాచ్, ఒమేగా కలిసి విడుదల చేసిన మూన్‌స్వాచ్‌లు మొత్తం 11 రకాలు. సూర్యుడు, చంద్రుడు మొదలుకొని ప్లూటో వరకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టారు. (మన పంచాంగం వారి దాకా చేరినట్టు లేదు, రాహుకేతువులకు అందులో చోటు దొరకలేదు.) చూపుకు ఇది అచ్చంగా ఒమేగా స్పీడ్‌మాస్టరే. 1957లో పుట్టి, 1965లో నాసా పరీక్షలకు నిలిచి, 1969లో వ్యోమగాముల వెంట చంద్రుడి మీదికి వెళ్లిన గడియారం అది. అసలు స్పీడ్‌మాస్టర్‌కు అప్పటికి ఆరు వేల డాలర్లకు పైగా ఇవ్వవలసి ఉండగా, దీని ధర 250 స్విస్ ఫ్రాంకులు, అంటే ఆనాటి లెక్కన సుమారు 20 వేల రూపాయలు. కేసు ఉక్కుది కాదు. మూడింట రెండు వంతులు సిరామిక్, మిగిలిన ఒక వంతు ఆముదం నూనె నుంచి తీసిన ప్లాస్టిక్. లోపల కీ ఇస్తే నడిచే యంత్రం లేదు, సెల్‌తో నడిచే క్వార్ట్జ్ మిషను ఉంది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని మనం ఎగతాళికి అంటాం గాని, ఆ ఆముదం కోసం లండన్ వంటి నగరాల్లో జనం ఎగబడితే, అదుపు చేయలేక దుకాణాలనే మూసుకోవలసి వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలోనే 10 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

ఒమేగా పని అయిపోయిందని అప్పట్లో ఎందరో రాశారు. అలా జరగలేదు. ఇవి వచ్చిన తరువాత అసలు స్పీడ్‌మాస్టర్ల అమ్మకాలు కూడా పెరిగాయని ఆ రెండు పేర్లకూ యజమాని అయిన స్వాచ్ గ్రూపే చెప్పుకుంది. అమ్ముకునేవాడి మాట కనుక అందులో కొంత తీసేసి చూసినా, తగ్గిన జాడ మాత్రం లేదు. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. ఆరు వేల డాలర్లు పెట్టేవాడు ఉక్కు కేసును, చేతితో కీ ఇచ్చే యంత్రాన్ని, పాతికేళ్ల తరువాత కూడా దాన్ని విప్పి బాగుచేసే పనివాళ్లను కొనుక్కుంటున్నాడు. ఆముదం ప్లాస్టిక్ వాచీ పెట్టుకున్న కుర్రవాణ్ణి చూసి అతడికి కలిగే నష్టం ఏమీ లేదు. పైగా డయల్ మీద ఒమేగా పక్కనే స్వాచ్ అని కూడా రాసి ఉంది. చూసినవాడెవడూ మోసపోడు.

ఇది అర్థం కావడానికి మనం జెనీవా దాకా పోనక్కరలేదు, డాబాగార్డెన్స్ దాకా నడిస్తే చాలు. అక్కడ అసలు నగల కొట్టుకు కూతవేటు దూరంలోనే వన్ గ్రాం బంగారం కొట్టు ఉంటుంది, రెండింటిలోనూ జనం ఉంటారు, తరచుగా వాళ్లే వీళ్లు. మా ఆవిడ అసలు హారాన్ని బ్యాంకు లాకరులో పెట్టి, అదే నమూనాలో చేయించిన వన్ గ్రాం హారాన్ని రైలు ప్రయాణాలకూ దూరపు బంధువుల పెళ్లిళ్లకూ వేసుకుంటుంది. ఎవరైనా అడిగితే వన్ గ్రామే అని నిస్సంకోచంగా చెబుతుంది. ఇన్నేళ్లుగా ఈ కొట్లు ఇంతగా పెరిగినా అసలు బంగారానికి గౌరవం వీసమెత్తు తగ్గలేదు, ధర సంగతి చెప్పనే అక్కరలేదు. బంగారం వ్యాపారాన్ని నిజంగా బాధించింది ఇరవై రెండు క్యారెట్లని చెప్పి పద్దెనిమిది అంటగట్టిన తూకం. అందుకే 2021 జూన్ నుంచి హాల్‌మార్కును దశలవారీగా తప్పనిసరి చేశారు. ఆ ముద్ర వన్ గ్రాం కొట్టు మీద కోపంతో వచ్చింది కాదు.

ఇక బల్ల మీది రెండో వాచీ కథ. పన్నెండేళ్ల క్రితం ఉద్యోగంలో పైమెట్టు ఎక్కిన సంబరంలో, మన ఊరి మాల్ ఒకదానిలో, ఐరోపాలో పేరుమోసిన ఒక కంపెనీ వాచీని కొన్నాను. ఆ కంపెనీ పెద్ద గడియారాలు లక్షల్లో పలుకుతాయి. నేను కొన్నది వారి చవక రకం, అయినా నా జీతంలో సగం దానికే పోయింది. డయల్ మీద ఆ లక్షల వాచీల మీద ఉన్న పేరే, అదే అక్షరాలలో, అదే చోట ఉంది. ఇది వేరే రకమని చెప్పే గుర్తు ఎక్కడా లేదు, నేనూ అడగలేదు. నేను కొనుక్కున్నది ఆ పేరునే కదా, అబద్ధమాడడం ఎందుకు!

రెండు వానాకాలాలు గడిచేసరికి చెయిను మీది బంగారు పూత పెచ్చులుగా లేచింది. విశాఖ ఉప్పు గాలికి ఇనుప కిటికీ ఊచలే నిలవవు, పూతను తప్పుపట్టలేమని మొదట సరిపెట్టుకున్నాను. తరువాత మణికట్టు మీద ఆకుపచ్చ మరక పడడం మొదలైంది. కంపెనీ సర్వీసుకు పంపితే నెలన్నర ఉంచుకుని, పూతకు హామీ వర్తించదని, ఈ రకానికి లోపలి పని చేయరని, మొత్తం మిషను మార్చుకోవచ్చునని చెప్పి తిప్పి పంపారు. అప్పుడు సాయిబుగారి దగ్గరకు వెళ్లాను. ఆయన కంటికి భూతద్దం బిగించి, వెనక మూత తీసి, లోపలికి చూసి, కాసేపు ఏమీ అనలేదు. తరువాత పట్టుకారుతో తెల్లటి ప్లాస్టిక్ రింగు ఒకదాన్ని బయటకు తీసి నా అరచేతిలో పెట్టారు. ఆ రింగు నడుమ, పావలా కాసంత మిషను ఒకటి కూర్చుని ఉంది. అంత పెద్ద కేసులో అది ఆక్రమించిన చోటు మూడో వంతు కూడా లేదు. కదలకుండా ఉండడానికి చుట్టూ ప్లాస్టిక్ నింపారు.

"మూడంతస్తుల మేడ కట్టి ఒక గదిలో కాపురం పెట్టారు మాస్టారూ. ఈ మిషను నా దగ్గర నాలుగొందలకు ఉంది" అన్నారాయన.

ఆ పూట నాకు కలిగినది డబ్బు పోయిందన్న బాధ ఒక్కటే కాదు. ఇరవై వేలకు స్వాచ్ కొన్న మా మేనల్లుడికి తాను ఏమి కొంటున్నాడో తెలుసు. నాకు తెలియదు, తెలియకుండా ఉండేటట్టు ఏర్పాటు జరిగింది. ఆనాటి నుంచి ఆ కంపెనీ లక్షల వాచీని ఎవరి చేతికి చూసినా, దీని లోపల కూడా ప్లాస్టిక్ రింగు ఉందేమో అన్న అనుమానమే ముందు వస్తుంది. ఆ పెద్ద వాచీలో అటువంటిది ఉండదని బుద్ధికి తెలుసు, మనసు మాత్రం వినదు. ప్రత్యేకత పోవడమంటే ఇదీ అని నేననుకుంటున్నాను. చవక వాచీ కొన్నవాడు ఖరీదైన వాచీని అనుమానించడం మొదలుపెడితే, ఆ అనుమానాన్ని ఏ ప్రకటనా కడిగివేయలేదు.

చరిత్ర కూడా ఈ వైపే మొగ్గుతుంది. రోలెక్స్‌ను స్థాపించిన హాన్స్ విల్స్‌డార్ఫ్ తక్కువ ధర గడియారాల కోసం 1926లోనే టూడర్ అన్న పేరును నమోదు చేయించి, 1946లో దాన్ని ప్రత్యేక కంపెనీగా నిలబెట్టాడు. ఆ రోజుల్లో కేసు రోలెక్స్‌ది, కీ మీద ముద్ర రోలెక్స్‌ది, లోపలి యంత్రం మాత్రం బయట కొన్నది. ఆ తేడాను చెప్పడానికే డయల్ మీద వేరే పేరు. తమ్ముడికి అన్న చొక్కా తొడిగినా పేరు మాత్రం తమ్ముడిదే ఉంచినట్టు. ఫ్రెంచి నావికాదళం తన గజ ఈతగాళ్లకు టూడర్లను కొన్నది, అంతమాత్రాన రోలెక్స్ స్థాయి తగ్గలేదు. మన దేశంలో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి 1984లో పెట్టిన టైటాన్ కూడా చివరకు ఈ దారికే వచ్చి, చవక వాచీలను సొనాటాగా, కుర్రకారు వాచీలను ఫాస్ట్‌ట్రాక్‌గా వేరు చేసింది. వేరే పేరు పెట్టడం ఇష్టం లేని కార్టియే 1977లో వెండి మీద బంగారు పూత వేసిన వాచీలను తెచ్చినప్పుడు, డయల్ మీద తన పేరుకు ముందు మస్ట్ అన్న మాటను చేర్చింది. ఒక్క మాటే గాని, తెలిసినవాడికి అది చాలు. నగల వ్యాపారులలో కార్టియే పరువు ఈనాటికీ చెక్కుచెదరలేదు. దీనికి పూర్తిగా ఎదురుదారిలో నడిచినవాడు పియర్ కార్డిన్. పారిస్ దర్జీలలో అగ్రగణ్యుడైన ఆయన తన పేరును వందలాది వస్తువులకు అద్దెకిచ్చాడు. పెన్నుల మీద, బెల్టుల మీద, తువ్వాళ్ల మీద, ఎక్కడపడితే అక్కడ అదే సంతకం. ఆయనకు డబ్బు దండిగా వచ్చింది, కాని ఆ పేరు విని పారిస్ దర్జీ పనితనం గుర్తొచ్చేవారు ఇప్పుడు ఎందరు?

మూన్‌స్వాచ్‌ను ఇంతగా వెనకేసుకొచ్చాను గాని, అదే గ్రూపు ఆ తరువాత చేసిన పనులన్నింటికీ నేను వకాల్తా పుచ్చుకోను. 2023లో ఒక్కొక్క పౌర్ణమికీ, సెకన్ల ముల్లుకు బంగారు పూత పూసిన కొత్త మూన్‌స్వాచ్ అంటూ సత్యనారాయణ వ్రతంలాగా నెలనెలా జరపడం మొదలుపెట్టారు. మొదటిసారి ముచ్చటగా ఉన్న వేషం పదోసారికి వెగటు పుట్టిస్తుంది.

నాకు ఇంకా పెద్ద అభ్యంతరం అదే గ్రూపులోని పాత స్విస్ కంపెనీ బ్లాంక్‌పెయిన్ విషయంలో ఉంది, దానికి మన తీరంతో ఒక చిన్న చుట్టరికం కూడా ఉంది. 1953లో ఫ్రెంచి నావికాదళపు గజ ఈతగాళ్ల కోసం ఆ కంపెనీ చేసిన గడియారం పేరు ఫిఫ్టీ ఫాదమ్స్. ఫాదమ్ అంటే ఆరడుగులు. ఫిషింగ్ హార్బరులో ఏ జాలరిని అడిగినా దానిని బార అంటాడు, అంటే రెండు చేతులు బారజాపితే వచ్చే పొడవు. వల పొడవూ నీటి లోతూ ఈనాటికీ బారల్లోనే చెప్పుకునే ఊరు మనది. యాభై బారలంటే 91 మీటర్లు. 2023 సెప్టెంబరులో స్వాచ్‌తో కలిసి ఇదే పేరుతో అయిదు మహాసముద్రాల పేర అయిదు వాచీలను 400 డాలర్లకు తెచ్చారు, అవి కూడా సరిగ్గా 91 మీటర్ల లోతును తట్టుకుంటాయి. అంతవరకు ముచ్చటగానే ఉంది. బ్లాంక్‌పెయిన్ 1735 నుంచీ ఏనాడూ క్వార్ట్జ్ వాచీ చేయలేదని గర్వంగా చెప్పుకునే కంపెనీ కనుక, ఈ చవక వాచీలో కూడా సెల్ పెట్టకుండా సిస్టమ్ 51 అన్న యంత్రాన్ని పెట్టారు. 51 భాగాలతో, మనిషి చేయి పడకుండా యంత్రాలే బిగించే ఈ మిషను ఒకసారి స్ప్రింగు నిండితే 90 గంటలు నడుస్తుంది. ఇంజనీరింగుగా చూస్తే నిజంగా మెచ్చుకోదగినదే. కాని దానిని విప్పి బాగుచేసే వీలు లేదు. ఆగిపోతే ఆగిపోయినట్టే.

ఇక్కడే నాకు మనసొప్పదు. కీ వాచీకి ఇంత డబ్బు ఎందుకు పోస్తారు? సమయం చూసుకోవడానికి ఫోను ఉంది. యాంత్రిక గడియారం గొప్పతనమల్లా అది విప్పదగినది కావడంలో ఉంది. ఒక మనిషి చేసినదాన్ని ఇంకొక మనిషి, యాభై ఏళ్ల తరువాత, ఇంకొక దేశంలో, భూతద్దం పెట్టుకుని తెరిచి, నూనె వేసి, మళ్లీ నడిపించగలడు. పాత స్విస్ కంపెనీలు అమ్ముకుంటున్నది ఆ మాటనే. సెల్ వాచీ ఆ మాట ఇవ్వదు కనుక మాట తప్పినట్టూ కాదు. సెల్ పెట్టం, మాది అసలైన యంత్రమని డప్పు కొట్టి, ఆ యంత్రాన్ని మూతలో సీలు వేసి ఇవ్వడం నాకు ప్లాస్టిక్ రింగుకు దూరపు బంధువుగా కనిపిస్తుంది. మా మేనల్లుడు దీనికి ఒప్పుకోలేదు. "మావయ్యా, నాలుగొందల డాలర్ల వాచీని మనవలకు ఇద్దామని ఎవడు కొంటాడు?" అన్నాడు. వాడన్నది తప్పని నేననను. కాని నాలుగొందల రూపాయలకు మా నాన్నగారు కొన్న వాచీ నా జేబులో ఉన్నప్పుడు ఆ మాట అనడమే వాడు చేసిన పొరపాటు.

వాదనలో ఇంకొక పక్షం కూడా ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ద్వారకానగర్‌లో వ్యాపారం చేసే మిత్రుడొకరు, తాను పెట్టుకున్నది పదిమంది చేతులకూ కనిపిస్తే ఇక పెట్టుకోబుద్ధి కాదని ముక్కుసూటిగా చెబుతారు. ఆయన కొనుక్కునేది యంత్రాన్ని కాదు, ఎడాన్ని. అటువంటివారు చాలామందే ఉన్నారు, కంపెనీలు బతికేది చాలావరకు వారి మీదే. అయితే ఆ ఎడం కూడా కంపెనీలు అల్లిన కథే ఎక్కువ. రోలెక్స్ గడియారాలు ఏటా 10 లక్షలకు పైగా తయారవుతాయని పరిశీలకుల అంచనా. పది లక్షలంటే అరుదైన వస్తువా? అయినా కొన్ని రకాలకు ఏళ్ల తరబడి వరుసలో నిలబడాలి, కొన్ని దుకాణాలలో అడిగినది దొరకాలంటే అడగనివి కూడా కొనాలి. కొరత సహజంగా ఉంటే సరే, కొరతను కూడా దుకాణంలోనే తయారుచేసి అమ్మితే దాన్ని ప్రత్యేకత అని నేను పిలవలేను.

ఆ మాటకొస్తే ఒకప్పుడు మనకు హెచ్ఎంటీయే అందని పండు. జపాన్ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన ఆ వాచీల కోసం జనం పైరవీలు చేయించుకున్న రోజులున్నాయి. పెళ్లిచూపుల్లో కట్నంతో పాటు వాచీ, సైకిలు, రేడియో అన్న మూడు మాటలు తప్పనిసరిగా వినిపించేవి, అలక పాన్పు మీద అల్లుడు వాచీ కోసమే అలిగేవాడు. అందులోనూ జనతా అన్న పేరు పెట్టుకున్న రకం కోసం! పేరులోనే జనం ఉన్న వస్తువుకు అంత గిరాకీ, అంత గౌరవం. 2016లో ఆ వాచీల కంపెనీని మూసివేయాలని కేంద్రం నిర్ణయించాక, వాటి కోసం వెతికేవారు మళ్లీ పెరిగారు. ధర తక్కువైతే గౌరవం ఉండదనేవారికి నేను వేరే ఉదాహరణ వెతకను.

స్విట్జర్లాండుతో సహా ఐరోపాలోని నాలుగు దేశాలతో కుదిరిన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది కనుక, స్విస్ వాచీల మీద మన దిగుమతి సుంకం ఏడాదికి కొంత చొప్పున తగ్గుతుంది. పెద్ద పేర్ల చవక రకాలు మన మద్దిలపాలెం, సిరిపురం అద్దాల బీరువాల్లోకి ఇంకా ఎక్కువగా వస్తాయి. కొనేవారిని కొనవద్దని నేననను. కౌంటరు దగ్గర రెండు ప్రశ్నలు మాత్రం అడగమంటాను. దీని లోపల ఏముంది, ఆగిపోతే ఎవరు విప్పుతారు? అమ్మేవాడు నీళ్లు నమిలితే డయల్ మీది పేరు ఎంత పెద్దదైనా లేచి రావడమే మేలు.

సాయిబుగారు ఆ రోజు ముందుగా మా వాడి వాచీని అందుకున్నారు. వెనక చందమామ బొమ్మ ఉన్న చిన్న మూతను రూపాయి బిళ్లతో తిప్పి తీసి, సెల్ మార్చి, రెండు నిమిషాల్లో ఇచ్చేశారు. సరదాగా ఉంది బాబూ అన్నారు. నా బంగారు పూత వాచీని చూడగానే గుర్తుపట్టి, ఇది ఇంకా పారేయలేదా అన్నట్టు పక్కకు జరిపారు. మూడోదాన్ని మాత్రం చాలాసేపు చెవి దగ్గర పెట్టుకున్నారు. మూత తీసి, దుమ్ము ఊది, చక్రం ఒకదాన్ని సూది మొనతో తట్టి చూశారు. చక్రం కదిలి ఆగింది. దీని సామాను మన ఊళ్లో లేదని, హైదరాబాదులో పాత వాచీలు కొనే మనిషికి చెప్పి తెప్పించాలని అన్నారు.

"తొందరేం లేదు కదా మాస్టారూ? శివరాత్రి దాటాక రండి."